మన గుట్టల్లో గాలి కథ

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందనుకోండి, ఫోన్ లోపల పెట్టేసి కాసేపు బయటకు చూడండి. మనం పీల్చే గాలి ఎట్లా తయారైందో చెప్పే సాక్ష్యం ఈ నేలలోనే ఉంది.

భూగర్భ శాస్త్రవేత్తలు ఈ నేలను కరీంనగర్ గ్రాన్యులైట్ ప్రాంతం అంటారు. ఇక్కడి పాత రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అవి పుట్టేనాటికి గాలిలో ఆక్సిజన్ లేనట్టే! భూమి తొలినాళ్లలో హైడ్రోజన్, హీలియం వంటి తేలిక వాయువులు అంతరిక్షంలోకి జారిపోయాయి. తర్వాత అగ్నిపర్వతాలు కక్కిన నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ చుట్టూ పరుచుకున్నాయి. ఆవిరి చల్లబడి, వానై కురిసి సముద్రాలు నిండాయి. ఆ గాలిలో మీరూ నేనూ పది నిమిషాలు బతకలేం.

మరి మార్పు ఎక్కడ మొదలైంది? జగిత్యాల చుట్టుపక్కల నల్ల ఇనుపరాయి, తెల్ల పలుగురాయి చారలు చారలుగా కలిసిన బండలున్నాయి. అప్పటి సముద్రంలో కరిగి ఉన్న ఇనుము ఆక్సిజన్‌తో జతకట్టి అడుగుకు దిగిన గుర్తులవి. ఎండను తిని బతికే సూక్ష్మజీవులే ఆ ఆక్సిజన్‌కు కారణమని శాస్త్రవేత్తలు చాలామంది నమ్ముతారు. అవి విడిచిన ఆక్సిజన్‌ను ఇనుము తాగినంత తాగింది. అది తాగగా మిగిలింది గాలిలో నిలవడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. ఈ రోజు గాలిలో అది నూటికి 21 పాళ్లు.

కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆ వైపే పోతే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారి వచ్చి దగ్గరుండి ఉక్కు చేయించుకున్న ఊరది. 1820లలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ ఆ పనిని కళ్లారా చూసి రాశాడు. ఇనుపరాయిని కొలిమిలో కరిగించడమంటే ఏమిటో తెలుసా? అందులో చిక్కిన ఆక్సిజన్‌ను బొగ్గు లాగేసుకుని, కార్బన్ డయాక్సైడై గాలిలో కలవడం. కోట్ల ఏళ్ల కిందటి ముడిని మన కమ్మరులు విప్పారన్నమాట.

సిరిసిల్ల గ్రానైట్ గుట్టలది ఇంకో పని. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని రాతిని మెల్లగా తింటుంది. కరిగిన లవణాలను మానేరు గోదావరికి, గోదావరి సముద్రానికి చేరుస్తాయి. అక్కడ అవి చివరికి సున్నపురాయి అవుతాయి. భూమి తన వేడిని అదుపులో పెట్టుకునే తీరు ఇదే, కానీ దానికి లక్షల ఏళ్లు పడుతుంది.

మన తొందర వేరు. పాతిక కోట్ల ఏళ్లకు పైగా గోదావరి లోయలో పూడుకుపోయిన అడవులను రామగుండంలో బొగ్గుగా మండిస్తున్నాం. ప్రపంచమంతా ఇదే వరస. కార్బన్ డయాక్సైడ్ గాలి పది లక్షల పాళ్లలో ఒకప్పుడు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. మన గుట్టలు, వానలు ఎంత కష్టపడినా ఆ వేగాన్ని అందుకోలేవు. తగ్గాల్సింది మనమే.

మీ పిల్లలకు ఇదంతా పుస్తకంలో చూపించే ముందు ఒక అయస్కాంతం ఇచ్చి ఆ చారల బండల దగ్గరికి తీసుకెళ్లండి. నల్లచారకు అది టక్కున అంటుకుంటుంది. గాలికి చరిత్ర ఉందని, అందులో మన బాధ్యత కూడా ఉందని అప్పుడు చెప్పండి. శ్రద్ధగా వింటారు.