బడి బయటి పాఠానికి బోధకులు: కుప్పం గుట్టల నడుమ ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొసన, తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలుసుకునే కుప్పం ప్రాంతంలో, గుడుపల్లె మండలపు రాతిగుట్టల నడుమ అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు చెందిన 172 ఎకరాల విజ్ఞాన ప్రాంగణం ఉంది. ఒకప్పుడు బీడుపడి ఉన్న ఈ నేలలో ఇప్పుడు చెట్లు గుబురుగా పెరిగాయి. వాటి మధ్య భౌతిక, జీవ, ఖగోళ శాస్త్రాల ప్రయోగశాలలు, కళలకు కేటాయించిన గదులు, 2017 డిసెంబరులో ప్రారంభమైన రామానుజన్ గణిత ఉద్యానం కొలువుదీరాయి. చుట్టుపక్కల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల పిల్లలు ఉదయం బస్సుల్లో వచ్చి, ఒక ప్రయోగశాల నుంచి మరో ప్రయోగశాలకు తిరుగుతూ రోజు గడిపి, సాయంత్రానికి ఇళ్లకు చేరుకుంటారు. భవనాలూ పరికరాలూ చూడదగ్గవే. అయితే ఈ కథనం ప్రధానంగా పిల్లల ముందు నిలబడి పాఠం నడిపే మనుషుల గురించినది: వారు ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఏం చదివారు, ఏ దారిన ఈ పనిలోకి ప్రవేశించారు, ఆ నేపథ్యం వారి బోధనలో ఎలా బయటపడుతుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

తెలుగు జిల్లాల్లో బడి గంటల తర్వాత పాఠం అనగానే ట్యూషనో కోచింగో గుర్తుకు వస్తుంది. ఆ రెండూ పరీక్షను గురిపెట్టి, సిలబస్‌నే మరింత వేగంగా, మరిన్నిసార్లు చెప్పించే ఏర్పాట్లు. ఇక్కడ చర్చిస్తున్న విజ్ఞాన కార్యశాల వేరు. ఇందులో మార్కులు ఉండవు, పోర్షన్ పూర్తి చేయాలన్న తొందర ఉండదు, పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాల్లో ముగిసిన విషయాన్ని ఒక పూటంతా చేతులతో చేసి, ప్రశ్నించి, తప్పుచేసి, మళ్లీ చేసి చూస్తారు. ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా చేరాలంటే డిగ్రీ, దానిపై బీఎడ్ ఉండి తీరాలని నిబంధనలు చెబుతాయి గాని, కార్యశాల నడిపే వ్యక్తికి ఏ అర్హత ఉండాలో నిర్దేశించిన చట్టం లేదు. అందువల్ల ఈ రంగంలోకి ఎవరు వస్తారన్నది ఆయా సంస్థల విచక్షణకూ, అక్కడికి చేరుకున్న మనుషుల ఇష్టానికీ మిగిలిపోయింది. ఈ వెసులుబాటు ఒక లోపమని మొదట అనిపించినా, దగ్గరనుంచి గమనిస్తే కార్యశాలల బలం చాలావరకు అందులోనే ఉన్నట్టు తేలుతుంది.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు సూదిబెజ్జం కెమెరా తయారుచేసే తరగతి ఇందుకు మంచి ఉదాహరణ. ఒకదానిలో ఒకటి జారేలా చుట్టిన రెండు అట్టగొట్టాలు, బయటి గొట్టం మూతికి అతికించిన నల్లకాగితంలో గుండుసూదితో పొడిచిన రంధ్రం, లోపలి గొట్టం మూతికి నూనె రాసి అర్ధపారదర్శకంగా మార్చిన తెల్లకాగితం, ఎదురుగా వెలిగించిన కొవ్వొత్తి — పరికరమంతా ఇంతే. కాగితంపై మంట తలకిందులుగా పడగానే పిల్లలు "తిరగబడిపోయింది సార్" అని అరుస్తారు. బోధకుడు కారణం చెప్పకుండా, నోట్‌బుక్కుతో మంటను ఎడమవైపుకు విసరమని ఒకరికి చెప్పి, కాగితం మీది మంట ఎటు వంగిందో మిగిలినవారిని చూడమంటాడు. అది కుడివైపుకు వంగుతుంది. లోపలి గొట్టాన్ని వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై వెలుగు తగ్గుతుంది. రంధ్రం పక్కన మరో రెండు పొడిస్తే మూడు మంటలు కనిపిస్తాయి. వెలుగు నేరుగా ప్రయాణిస్తుందన్న వాక్యం, పుస్తకంలో మొదట వచ్చేది, ఈ తరగతిలో చిట్టచివర, అదీ పిల్లల నోటి నుంచి వస్తుంది. ఆ తర్వాత బోధకుడు అందరినీ బయటికి తీసుకెళ్లి, కానుగ చెట్టు నీడలో నేలమీద పరుచుకున్న గుండ్రటి వెలుగు మచ్చలను చూపి, ఆకుల సందులు గుండ్రంగా లేకపోయినా మచ్చలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయని అడుగుతాడు. అవి ఒక్కొక్కటీ సూర్యబింబపు ప్రతిరూపాలు. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం వేళ దక్షిణాదిలో చెట్ల కింద ఇవే మచ్చలు నెలవంకలుగా మారాయి.

ఈ పాఠాన్ని ఇంత ఓపికగా నడిపే బోధకులు సాధారణంగా పరిసర గ్రామాల నుంచి, చిన్న పట్టణాల నుంచి వచ్చిన సైన్సు పట్టభద్రులు. కొందరికి బీఎడ్ కూడా ఉంటుంది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన నేల గనుక ఒకే తరగతిలో ఏ పిల్లవాడికి ఏ భాషలో అడగాలో వారికి ఒకరు నేర్పనవసరం లేదు. అంతకన్నా ముఖ్యమైనది వారి సొంత చదువు తీరు. పల్లెల్లోని ఉన్నత పాఠశాలలో చదివినవారిలో ఎందరికో ప్రయోగశాల అంటే తాళం వేసిన బీరువా, ప్రయోగం అంటే రికార్డు పుస్తకంలో గీసిన బొమ్మ. కటకాన్నో సూక్ష్మదర్శినినో మొదటిసారి చేత్తో పట్టుకున్నది డిగ్రీలోనే. అటువంటి చదువు చదివి వచ్చిన వ్యక్తికి, పిల్లవాడు గాజుపలకను పట్టుకోవడానికి ఎందుకు జంకుతాడో, తెలియకపోయినా తెలిసినట్టు ఎందుకు తల ఊపుతాడో విడమరచి చెప్పనక్కరలేదు. నిష్ణాతులు తరచుగా మరిచిపోయే ఒక సంగతిని, అంటే ఒక విషయం అర్థం కాని స్థితిలో మనసు ఎలా ఉంటుందన్నదాన్ని, ఈ యువ బోధకులు ఇంకా మరిచిపోలేదు. వారి నేపథ్యంలో ఇది అన్నిటికన్నా విలువైన అంశమని ఈ కథనం బలంగా నమ్ముతుంది.

అదే తరగతిలో ఈ బలానికి ఉన్న హద్దు కూడా కనిపిస్తుంది. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తున్నట్టు గమనించిన పిల్లలు, సూదికన్నా సన్నగా పొడిస్తే ఇంకా బాగా వస్తుందా అని అడగడం సహజం. "చేసి చూద్దాం" అన్న జవాబు మంచిదే గాని, ఆ ప్రయోగం ఎటు పోతుందో బోధకుడికి ముందుగా తెలిసి ఉండాలి. రంధ్రం మరీ సన్నబడితే వెలుగు దాని అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది. వివర్తనం అని పిలిచే ఈ గుణం వల్ల బొమ్మ తిరిగి మసకబారుతుంది. ఇరవై సెంటీమీటర్ల గొట్టానికి అర మిల్లీమీటరుకు కాస్త పైబడిన రంధ్రమే దాదాపు సరైన కొలత, అంటే పిల్లలు గుండుసూదితో పొడిచినది ఇంచుమించు అదే. బీఎస్సీలో వివర్తనాన్ని సూత్రాలుగా చదివి పరీక్ష రాసినవారు కూడా ఆ సూత్రానికీ చేతిలోని అట్టగొట్టానికీ ముడి వేయడానికి తడబడవచ్చు. తప్పు వారిది కాదు, ఆ ముడి వేసి చూపినవారు వారి చదువులో ఎక్కడా తారసపడకపోవడానిది. ఇక్కడ అవసరమయ్యేది మరో రకం నేపథ్యం: విషయంలో చాలాకాలం మునిగినవారి తోడ్పాటు.

అగస్త్య సంస్థ ఆ రెండో రకం మనుషులను కూడా మొదటినుంచీ దగ్గరికి తీసుకుంది. 1999లో దీన్ని స్థాపించిన రామ్‌జీ రాఘవన్ బ్యాంకింగ్ వృత్తిని వదిలి వచ్చిన వ్యక్తి. తొలినాళ్ల మార్గదర్శకుల్లో అణుశక్తి సంఘానికి అధ్యక్షత వహించిన భౌతికశాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ ఉన్నారు. గణిత ఉద్యానాన్ని రూపొందించినవారిలో సంఖ్యా సిద్ధాంతంలో ఉన్నత పరిశోధన చేసిన సుజాత రామదొరై, కాగితాలతో గణితం నేర్పడంలో పేరు పొందిన వి.ఎస్.ఎస్. శాస్త్రి ఉన్నారు. పరిశోధకురాలూ బడిపిల్లల మధ్య తిరిగే బోధకుడూ కలిసి పనిచేసిన చోట పాఠానికి ఎంత లోతు వస్తుందో కాగితం మడతల తరగతిలో తెలుస్తుంది. కాగితం అడుగు అంచుకు కొంచెం పైన ఒక చుక్క పెట్టి, ఆ అంచు ప్రతిసారీ ఆ చుక్కను తాకేలా వేర్వేరు చోట్ల మడుస్తూ పోతే, ఇరవై ముప్పై మడతల తర్వాత గీతల నడుమ ఒక వంపు తనంతట తానే తేలుతుంది. అది పరావలయం, చుక్క దాని నాభి, అంచు దాని నియతరేఖ. ఇంటర్మీడియట్‌లో సమీకరణంగా ఎదురయ్యే వక్రరేఖను తొమ్మిదో తరగతి అమ్మాయి గోటితో గీసుకుంటుంది.

కాగితం మడతలతో జ్యామితి నేర్పే ఈ పద్ధతికి దక్షిణ భారతంలో గొప్ప పూర్వీకుడు ఉన్నాడు. 1893లో మద్రాసులో వెలువడి, తర్వాత అమెరికాలో పునర్ముద్రణ పొంది, జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దృష్టిని సైతం ఆకర్షించిన కాగితపు మడతల జ్యామితి గ్రంథాన్ని రాసిన టి. సుందరరావు ఉపాధ్యాయుడు కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలో డిప్యూటీ కలెక్టరు. కిండర్‌గార్టెన్ పిల్లల కాగితపు ఆటల నుంచి మొదలై శంకుచ్ఛేదాల వరకు సాగే ఆ పుస్తకం ఒక రెవెన్యూ అధికారి కలం నుంచి రావడం వింతగా తోచవచ్చు గాని, ఈ రంగపు చరిత్రలో ఇటువంటివారు చాలామందే ఉన్నారు. 1825లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలవడానికి కారకుడైన మైకేల్ ఫారడే పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ పెరిగాడు. విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కలేదు. అదే వేదికపై 1978లో గణితం మీద ఉపన్యసించిన క్రిస్టఫర్ జీమన్ మాత్రం ప్రొఫెసరు. ఆ ఉపన్యాసాల ప్రేరణతో 1981 నుంచి బడిపిల్లలకు గణిత తరగతులు మొదలై, విశ్వవిద్యాలయాలవారు, పరిశ్రమలవారు, బడి ఉపాధ్యాయులు వంతులవారీగా వచ్చి పాఠం చెప్పే సంప్రదాయంగా స్థిరపడ్డాయి.

మన దేశంలో ఈ రెండు రకాల నేపథ్యాలను కలిపిన ప్రయత్నాల్లో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అణుజీవశాస్త్ర పరిశోధనను వదిలి వచ్చిన అనిల్ సద్గోపాల్ స్థాపించిన కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో దీన్ని ప్రారంభించగా, టాటా పరిశోధనా సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు సెలవుల్లో పల్లెబడి ఉపాధ్యాయులతో ఒకే బల్ల ముందు కూర్చొని ప్రయోగాలు చేశారు. శాస్త్రవేత్త రాసిన ప్రయోగం బడిలో నడవకపోతే ఉపాధ్యాయుడు ఆ మాట ముఖం మీద చెప్పగలిగే వాతావరణం అక్కడ ఏర్పడింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేయడం దేశ విద్యారంగానికి జరిగిన నష్టాల్లో ఒకటి.

కుప్పం ప్రాంగణంలో బోధకుల శ్రేణి డిగ్రీ చదివినవారితో ఆగదు. బడిపిల్లల్లోంచే కొందరిని ఎంచి, వారిచేత తోటి పిల్లలకు ప్రయోగాలు చెప్పించే పద్ధతి ఇక్కడ చాలాకాలంగా ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి తన ఈడు పిల్లల ముందు కటకం పట్టుకుని, "ఇప్పుడు నువ్వు పట్టుకో, దూరం జరుపు, ఆడ ఏం కనబడతాందో చెప్పు" అంటుంటే, వినేవారిలో బెరుకు ఎగిరిపోతుంది. చెప్పే అమ్మాయికి ఆ సంగతి జీవితాంతం గుర్తుంటుంది. రేపటి బోధకుల నేపథ్యం ఈ విధంగా ఇవాళే తయారవుతోంది.

ఇటువంటి బోధకుల విలువను ప్రభుత్వ పథకాలు ఇంకా పూర్తిగా గుర్తించలేదు. 2016లో నీతి ఆయోగ్ కింద మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు దొరుకుతుంది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, రోబోటిక్స్ కిట్లు వస్తాయి. వాటిని నడిపే బాధ్యత మాత్రం అప్పటికే వారమంతా పీరియడ్లు నిండి ఉన్న సైన్సు ఉపాధ్యాయుడి మీదనో, వీలున్నప్పుడు వచ్చే స్వచ్ఛంద సలహాదారు మీదనో పడుతుంది. పరికరాలకు బడ్జెట్ పద్దు ఉన్నప్పుడు వాటి ముందు నిలబడే పూర్తికాలపు బోధకుడికి కూడా ఒక పద్దు ఉండటం న్యాయం. కార్యశాలల బోధకులుగా కొన్నేళ్లు గడిపిన యువతీయువకులకు డీఎస్సీలో గాని, విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో గాని ఆ అనుభవం లెక్కకు రాదు. ఇంట్లో పెళ్లి మాటలు, అప్పులు మొదలయ్యేసరికి మంచి బోధకులు వేరే ఉద్యోగాలకు తరలిపోవడానికి ఇదొక కారణం. కుప్పంలోనే 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. పనిచేస్తూనే భౌతిక, జీవశాస్త్రాల్లో పైచదువు చదువుకునే వారాంతపు కోర్సును అటువంటి విశ్వవిద్యాలయం ఈ బోధకుల కోసం నిర్వహించి, అందులో అట్టగొట్టాలు, కాగితపు మడతలు, కానుగ నీడలో మచ్చలు కూడా పాఠ్యాంశాలుగా చేర్చితే, పిల్లల ప్రశ్న వివర్తనం దాకా వెళ్లినా దాని వెంట వెళ్లగలిగే బోధకుడు ఆ పల్లెల నుంచే వస్తాడు.