జిమ్మీని ఎవరి చేతికి అప్పగించాలి?

కుక్కకు కూడా బాలవాడీ కావాలా అని నవ్వేవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారి నవ్వును మేము తప్పుపట్టడం లేదు. మన పల్లెలలో కుక్క వాకిట్లో పడుకొని, మిగిలిన అన్నం తిని, పగలంతా వీధులు తిరిగి, రాత్రి కాపలా కాచేది. దానికి వేరే ఏర్పాటు చేయవలసిన పని ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు అదే కుక్కను మూడవ అంతస్తు ఫ్లాటులో, ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం ఆరున్నర వరకు తలుపుల మధ్య ఉంచుతున్నాము. వీధి లేదు, వాకిలి లేదు, తోడు లేదు. ఇటువంటి ఇబ్బందిలో ఉన్న కుటుంబాలు మనలోనే కొన్ని ఉన్నవి గనుక, మేము తిరిగి తెలిసికొన్నది వ్రాస్తున్నాము.

జిమ్మీ లాబ్రడార్ జాతి. మా బంధువులు ఉద్యోగరీత్యా కెనడా వెళ్ళిపోతూ, తొమ్మిది నెలల వయసులో వాడిని మాకు అప్పగించారు. చివరివరకు చూసుకొంటామని మేము మాట ఇచ్చాము. లాబ్రడార్ శాంతమైన జాతి, పిల్లలతో కలిసిపోతుంది అని అందరూ చెబుతారు. నిజమే గానీ అది సగం మాట. ఈ జాతి మూలాలు న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని జాలరుల కుక్కలలో ఉన్నవి. తరువాత ఇంగ్లండు, స్కాట్లండులలో వేటగాళ్ళు కొట్టిన పక్షులను నీళ్ళలోనుండి, పొదలలోనుండి నోట కరచి తెచ్చే పనికి వీటిని పెంచారు. 1903లో బ్రిటనులోని కెన్నెల్ క్లబ్బు దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. తరతరాలుగా చలిలో, తడిలో రోజంతా పనిచేయడానికి తయారైన ప్రాణి అన్నమాట. దానిని తెచ్చి హైదరాబాదు ఎండలో, గదిలో పెట్టి, బుద్ధిగా ఉండమంటే ఎలా ఉంటుంది?

ఏడాది నిండేసరికి వాడి బరువు 28 కిలోలు. మేము ఆఫీసుల నుండి తిరిగి వచ్చేసరికి దిండ్లలోని దూది హాలంతా పరచి ఉండేది. అది పెద్ద మాట కాదు. మా ఇంట్లో అమ్మకు 73 ఏళ్ళు, రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. వాడు ఆమె మీదికి ప్రేమతోనే ఎగురుతాడు, గానీ అది 28 కిలోల ప్రేమ. ఒక సాయంత్రం ఆమె వెనుకకు తూలి మంచం మీద పడింది గనుక సరిపోయింది. నేల మీద పడి ఉంటే ఏమయ్యేదో! అదే వారం అపార్టుమెంటు అసోసియేషన్ నుండి, మధ్యాహ్నం వేళ మొరుగుడు భరించలేకపోతున్నామని ఉత్తరం వచ్చింది. ఇంకొక ఉత్తరం వస్తే కుక్కనో ఇంటినో వదులుకోవలసిందే.

మేడ్చల్ వైపు తోట ఉన్న తెలిసినవారొకరు, "మాకు ఇచ్చేయండి, కాపలాకు ఉంటుంది" అన్నారు. చూడడానికి వెళ్ళాము. అక్కడ ఇదివరకే ఒక కుక్క ఉన్నది. రేకుల షెడ్డు పక్కన గుంజకు కట్టివేసి ఉన్నది. గొలుసు పొడవు ఎంతో అంతమేరకు నేల గుండ్రంగా అరిగి, గడ్డి లేకుండా పోయింది. తిరుగు ప్రయాణంలో మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇంటికి వచ్చి చెబితే, వాడివల్ల ఎక్కువ బాధపడుతున్న అమ్మే, "అక్కడ వేయొద్దురా, పాపం రా" అన్నది.

బైబిలులో కుక్కకు గౌరవమైన చోటు అరుదు. లాజరు కురుపులు నాకిన కుక్కలు, బల్ల క్రింద ముక్కల కోసం చూసే కుక్కలు, ఇవే మనకు గుర్తు. యోబు గ్రంథం 30వ అధ్యాయంలో మాత్రం మందను కాసే కుక్కల ప్రస్తావన ఒకటి ఉన్నది. అయినా విశ్రాంతి దినపు ఆజ్ఞలో యజమానితో పాటు అతని పశువుకు కూడా విశ్రాంతి ఉన్నది. సామెతలు 12:10లో నీతిమంతుని గుర్తులలో ఒకటిగా అతడు తన పశువును చూసే తీరును చెప్పారు. మా ఇంటి కుటుంబ ప్రార్థనలో ఆ వారమంతా ఈ భాగాలే చదువుకొన్నాము.

మా సంఘ పెద్దలలో ఒకరు పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న డాక్టరుగారు. ఆదివారం ఆరాధన తరువాత ఆయన దగ్గర కూర్చున్నాము. పగటివేళ కుక్కలను చూసే డే కేర్‌లు ఇప్పుడు నగరంలో చాలా వచ్చాయని చెప్పి, "డాక్టరుగారూ, ఎలా ఎంచుకోవాలి?" అని అడిగాము.

"మొదట వాళ్ళు మిమ్మల్ని ఏమి అడుగుతారో చూడండమ్మా. టీకా కార్డు అడగకుండా కుక్కను లోపలికి రానిచ్చే చోట మీరు నిలబడవద్దు" అన్నారాయన. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా ప్రాణం దక్కడం దాదాపు లేనట్టే. పార్వో అనే వైరసు 1978లో కుక్కలలో బయటపడి దేశదేశాలకు పాకింది. అది నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది, మామూలు సబ్బునీళ్ళకు చావదు, బ్లీచింగ్ కావాలి. ఎలుకల మూత్రం కలిసిన వాననీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్క నుండి ఇంటివారికీ అంటుకోగలదు. సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని వాడుకలో పిలిచే టీకాలు, రేబిస్ టీకా ఉంటే చాలునని మనం అనుకొంటాము. పది కుక్కలు ఒకచోట చేరినప్పుడు గాలిద్వారా అంటే కెన్నెల్ కాఫ్‌కు వేరే టీకా ఉన్నదని, దానిని కూడా ముందుగానే వేయించాలని ఆయన చెప్పారు. గోమార్ల సంగతి కూడా. పల్లెలలో పిడుదులంటారే, అవే. వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ మన ప్రాంతంలో కుక్కలను బాగా బాధిస్తుంది.

మేము మూడు చోట్లు చూశాము.

మొదటిది పేరుమోసినది. ఈత కొలను, చల్లని హాలు, రంగురంగుల మెట్లు, ఫోనులో చూసుకోవడానికి కెమెరాలు. మేము లెక్కపెడితే 30కి పైగా కుక్కలు. వాటి మధ్య ఇద్దరు కుర్రవాళ్ళు, అందులో ఒకరు ఫోనులో మాట్లాడుతున్నారు. పెద్దగా పాటలు పెట్టి ఉన్నవి. చిన్న పామరేనియన్ ఒకటి కుర్చీ క్రింద నక్కి, తోక కాళ్ళ మధ్య పెట్టుకొని ఉన్నది. దాని సంగతి ఎవరికీ పట్టలేదు. యజమాని మర్యాదస్థుడే. "ఉదయం నుండి సాయంత్రం వరకు నాన్‌స్టాప్ ఆటే సార్. ఇంటికి వచ్చి పడిపోతుంది, గ్యారంటీ" అన్నారు. మాకు కావలసిందీ అదే గదా! నిజం చెప్పాలంటే ఆ మాట చెవికి చాలా ఇంపుగా వినబడింది. అయితే టీకా కార్డు మా సంచిలోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

రెండవచోట ఒక శిక్షకుడు ఉన్నారు. కుక్కకు మనమే ఆల్ఫా అని తెలియాలి, లేకపోతే నెత్తికెక్కుతుంది అని చెప్పి, అక్కడున్న ఒక కుక్కను వెల్లకిలా త్రిప్పి, మెడ అదిమి చూపించారు. అది కదలకుండా పడి ఉన్నది. "చూశారా, లొంగిపోయింది" అన్నారు. మాకు అది లొంగుబాటుగా కాదు, భయంగా కనబడింది. తరువాత డాక్టరుగారు వివరించారు. ఈ ఆల్ఫా మాటకు మూలం 1947లో ఒక శాస్త్రజ్ఞుడు జూలో బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి వ్రాసినది. 1970లో డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తన పుస్తకంలో దానిని ప్రచారం చేశారు. ఆయనే అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, తోడేళ్ళ గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు కలిసిన కుటుంబమేనని 1999లో వ్రాశారు. 2008లో అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం ఈ పెత్తనం చూపే పద్ధతులు కుక్కలలో భయాన్ని, కరచే గుణాన్ని పెంచగలవని హెచ్చరించింది. కుటుంబాన్ని యుద్ధంగా చూసినవారి పొరపాటు కుక్కల మెడ మీదికి వచ్చిందన్నమాట.

ఈ మధ్యలో స్త్రీల కూడికలో ఒక సహోదరి, "ఆ డబ్బుతో ఒక బీద పిల్లవాడిని చదివించవచ్చు గదా" అన్నారు. అది తేలికగా కొట్టివేసే మాట కాదు. నెలకు 6,000 రూపాయలు చిన్న మొత్తం కాదు. దశమభాగం, ఊరిలో చదువుకొంటున్న మా అన్నగారి అమ్మాయి ఫీజు, ఈ రెండూ ముట్టుకోకుండా ఆ డబ్బు ఎక్కడినుండి తీయగలమో కాగితం మీద వేసుకొన్నాము. ఆదివారం హోటలు భోజనం, కేబుల్, రెండవ స్కూటరు పోయాయి. కుక్కను పెంచడం అందరి విధి కాదు. కానీ పెంచుతామని చేతిలోకి తీసుకొన్నవారికి ఆ లెక్క వేరు అని మా అభిప్రాయం. ఆ సహోదరి ఇప్పటికీ ఒప్పుకోలేదు. మేమూ వాదించడం మానివేశాము.

మూడవది సైనిక్‌పురి వైపు ఒక పాత ఇల్లు. మామిడిచెట్టు, షాబాద్ బండలు పరచిన వసారా, వీధి గేటుకు లోపల ఇంకొక గేటు. ఒకటి మూసిన తరువాతే రెండవది తీస్తారు. కుక్క తప్పించుకొని రోడ్డు మీదికి పోకుండా. నడిపేది ఒక నడివయసు ఆమె, సాయానికి ఒక అబ్బాయి. ఆ రోజు ఉన్నవి తొమ్మిది కుక్కలు. మమ్మల్ని లోపలికి పిలవకముందే కార్డు అడిగారు. కెన్నెల్ కాఫ్ టీకా లేదని చూసి, అది వేయించి కొన్నాళ్ళు ఆగి రమ్మన్నారు. తరువాత ఎన్ని ప్రశ్నలని! ఎక్కడ పడుకొంటాడు, గిన్నె దగ్గరికి వేరే కుక్క వస్తే ఏమి చేస్తాడు, టపాకాయలకు భయమా, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా. అమ్మ సంగతి ఆమె అడిగితేనే చెప్పాము.

ఆమె జిమ్మీని మొదటిసారి అందరిలోకి వదలలేదు. ముసలి కుక్క ఒకదానితో కంచె ప్రక్కన నడిపించారు. జిమ్మీ ముందుకాళ్ళు నేలకు ఆనించి, నడుము పైకి లేపి ఆటకు పిలిచాడు. ముసలిది ముఖం త్రిప్పుకొన్నది. వీడు మళ్ళీ మీదపడబోతే ఆ అబ్బాయి అరవలేదు, కొట్టలేదు. మధ్యలోకి వచ్చి నిలబడి, వీడిని ప్రక్కకు తీసికొనిపోయి మట్టి వాసన చూడనిచ్చాడు. రెండు నిమిషాలకు వీడు చల్లబడ్డాడు. యోహాను సువార్త 10వ అధ్యాయంలోని జీతగాడు, కాపరి మాకు జ్ఞాపకం వచ్చారు. ఆ అబ్బాయి కూడా జీతానికి పనిచేసేవాడే, అయినా అతని చూపు కుక్క మీదనుండి తొలగలేదు.

మేము వారానికి ఆరు రోజులూ పంపుతామని అన్నాము. ఆమె ఒప్పుకోలేదు. "రెండు రోజులు చాలండి. ఇంత హుషారైన కుక్కకు ఆట ఎవరైనా నేర్పుతారు, ఊరకుండడం నేర్పాలి" అన్నారు. పెద్ద కుక్క రోజులో సగం నిద్రలోనో విశ్రాంతిలోనో గడపాలని, అదుపులేని ఆట రోజంతా సాగితే కుక్క అలసిపోయినట్టు కనబడుతుందే గానీ లోపల ఉడికిపోయి ఉంటుందని వివరించారు. అటువంటిది ఇంటికి వచ్చి పడిపోతుంది, మరునాడు ఇంకా ఎక్కువ మొరుగుతుంది, కరవడానికి వస్తుంది. ఆమె దగ్గర పన్నెండు నుండి మూడు వరకు ఆట లేదు. ఒక్కొక్క కుక్కకు ఒక్కొక్క చోటు, పైన గుడ్డ కప్పి, ఫ్యాను వేసి పడుకోబెడతారు. జిమ్మీ మొదటి రెండుసార్లు ఆ మూడు గంటలూ గోల చేశాడట. నాలుగవసారి నిద్రపోయాడు.

మిగిలిన రోజులకు ఇంట్లో చేయవలసినది కూడా ఆమే చెప్పారు. ఉదయం అరగంట నడకలో గొలుసు లాగకుండా వాడి ఇష్టానికి వాసనలు చూడనివ్వడం. పెడిగ్రీ గింజలు గిన్నెలో పోయకుండా పాత దుప్పటి మడతలలో చుట్టి వెదకుకోనివ్వడం. పది నిమిషాలు ముక్కుతో పనిచేస్తే వాడికి పడుకోవాలనిపిస్తుంది. దుప్పటి మడత పెట్టే పని అమ్మ తీసుకొన్నది. ఎగిరితే గింజలు రావు, కూర్చుంటే వస్తాయి. కుర్చీలో నుండి లేవకుండానే ఆమె వాడికి అది నేర్పింది. అసోసియేషన్ నుండి రెండవ ఉత్తరం రాలేదు.

మంగళ, శుక్రవారాలు సాయంత్రం వాడు వచ్చాక చెవుల వెనుక, వ్రేళ్ళ సందులలో గోమార్లకు వెదుకుతాము. దొరికితే పట్టకారతో చర్మానికి ఆనించి పట్టుకొని నిదానంగా లాగుతాము. కిరోసిన్ పూయడం, కాల్చడం చేయరాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి చల్లబడే ముఖ్యమైన దారి గనుక, దారిలో ఆటో ప్రయాణం కూడా మంచిది కాదని ఆమె తానే ఫోను చేసి ఈ నెల పంపవద్దన్నారు. ఫీజు ముందే ఇచ్చి ఉన్నాము. జూనుకు జమ వేసుకొన్నారు.