అరకులో ‘తొక్కలో టీ’!

కాఫీ పండుని దగ్గర్నుంచి చూశారా? రేగిపండంత ఉంటుంది. పండితే ఎర్రగా మెరుస్తుంది. నోట్లో వేసుకుంటే తియ్యగా, జిగురుగా ఉంటుంది. లోపల రెండు గింజలు. మనకి కావాల్సింది ఆ రెండు గింజలే. పైన ఉండే తొక్క, దానికి అంటుకున్న గుజ్జు కలిపి పండు బరువులో దాదాపు 40 శాతం. అదంతా తోట దగ్గరే మిగిలిపోతుంది. దాన్ని ఎండబెట్టి మరిగించుకుంటే ఎర్రటి టీ అవుతుంది. ఆఫీసులో చెప్తే ‘తొక్కలో టీ’ అని నవ్వారు. నిజమే, ఇది అక్షరాలా తొక్కలో టీయే.

పోయిన డిసెంబర్‌లో నేను అరకు వెళ్లింది బొర్రా గుహల కోసం కాదు. నా రూమ్మేట్‌ది అరకు దగ్గర ఓ చిన్న ఊరు. ఇద్దరం హైటెక్ సిటీలో పక్కపక్క డెస్కుల్లో కోడ్ రాస్తాం. ఆర్నెల్లుగా వాడిది ఒకటే గోల. ఉద్యోగం మానేసి ఊరెళ్లి, తొక్కలు ఎండబెట్టి టీగా అమ్ముతాడట. “ముందు మీ ఇంట్లో చేసి చూద్దాం రా, రిజైన్ సంగతి తర్వాత” అన్నాను. ఎనిమిది రోజులు సెలవు పెట్టి బయల్దేరాం.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. కొత్తవలస–కిరండూల్ లైన్ మొత్తమ్మీద 58 సొరంగాలు. రైలు సొరంగంలోకి దూరిన ప్రతిసారీ బోగీ అంతా ఒకటే కేకలు. పిల్లలే కాదండోయ్, పెద్దాళ్లు కూడా! అరకులో దిగి, ఆటోలో ముప్పావు గంట వెళ్తే వాళ్ల ఊరు. దారిలో అక్కడక్కడా వలిసె పూలు ఇంకా పచ్చగా ఉన్నాయి. కాఫీ తోట అంటే వరసగా నాటిన పొలం అనుకుంటాం గానీ, ఇక్కడ అది అడవిలాగే ఉంటుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఈ అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది.

మేం వెళ్లిన రోజే పళ్లు కోశారు. ఎర్రగా పండినవే ఏరి, నీళ్ల తొట్టిలో పోసి, పైకి తేలిన తాలు పళ్లు తీసేశారు. మిగతావి బేబీ పల్పర్‌లో వేసి చేత్తో తిప్పారు. గింజలు ఓ పక్క, తొక్కలు ఓ పక్క పడతాయి. గింజల్ని ఒక రాత్రి ఊరనిచ్చి, జిగురు పోయేలా కడిగి ఎండబెడతారు. సుమారు ఆరు కిలోల పళ్లకి ఒక కిలో గింజ దక్కుతుంది. ఇన్ని చేతులు మారి వస్తుందని తెలిశాక, కేఫ్‌లో కాఫీ సగం వదిలేసి లేచే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

మరి తొక్కలు? మర్నాడు మధ్యాహ్నానికే కుప్ప దగ్గర వెనిగర్ వాసన, ఈగలు. వాళ్లింట్లో పెరటి గొయ్యిలో వేసి ఎరువు చేస్తారు. అందరూ అలా చెయ్యరు. కొందరు గెడ్డ ఒడ్డునే పోసేస్తారు. “ఈ రోజుల్లో గెడ్డ నీళ్లు కంపు కొడతాయి బాబూ. కింద ఊరోళ్లు మమ్మల్ని తిట్టుకుంటారు” అన్నారు మావాడి అమ్మగారు. కుళ్లే గుజ్జు నీళ్లలోని ఆక్సిజన్‌ని పీల్చేస్తుంది. పారే నీళ్లే కదా అనుకుంటాం, కానీ ఆ నీళ్లు వాడుకునే మనుషులు కిందున్నారు.

ఈ టీ మావాడు కనిపెట్టిందేం కాదు. యెమెన్‌లో కాఫీ పొట్టుని అల్లంతో మరిగించి తాగడం ఎప్పట్నుంచో ఉంది. దాని పేరు కిషర్. బొలీవియాలో సుల్తానా అంటారు. పెద్ద కేఫుల్లో కనిపించే ‘కాస్కరా’ కూడా ఇదే. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం తొక్క, పొట్టు అనే. యూరప్‌లో దీన్ని అమ్ముకోవడానికి 2022లో అనుమతి ఇచ్చారు. మావాడి ఆశంతా ఆ ఒక్క వార్త మీదే.

చెయ్యడం తేలికే, కానీ మొదటి కొన్ని గంటలే ముఖ్యం. పల్పర్ లోంచి తొక్క పడగానే మంచి నీళ్లతో కడిగి, గంటల్లోపే పల్చగా పరిచెయ్యాలి. కుప్పగా ఉంచితే లోపల వేడెక్కి పులిసిపోతుంది. రోజూ నాలుగైదు సార్లు తిరగెయ్యాలి. సాయంత్రం మంచు పడకముందే లోపల పెట్టెయ్యాలి. మాకు నాలుగు రోజులు పట్టింది. నలిపితే ఎండు ఆకులా పటపటమని విరిగితే ఎండినట్టు. మెత్తగా వంగితే ఇంకో ఎండ కావాలి. తెల్ల బూజు కనిపిస్తే ఆలోచించకుండా పారెయ్యండి. మందులు కొట్టిన తోటల తొక్క అసలు ముట్టుకోకండి. సిటీలో మార్కెట్ నుంచి తెచ్చిన కమలా తొక్కలతో ప్రయోగాలు చేసేవాళ్లకీ నేను చెప్పేది ఇదే.

ఒక కప్పు నీళ్లకి 10 గ్రాముల తొక్క, అంటే ఓ గుప్పెడు. మరిగే నీళ్లలో వేసి, స్టవ్ ఆపి, మూత పెట్టి అయిదు నిమిషాలాగి వడగట్టడమే. చిన్న అల్లం ముక్క వేస్తే ఇంకా బాగుంటుంది. పాలు మాత్రం వద్దు. కాఫీ వాసన అస్సలు రాదు. నాకైతే ఎండు ద్రాక్ష నానబెట్టిన నీళ్లలా, కాస్త పుల్లగా అనిపించింది. అమ్మగారు రెండు గుక్కలు తాగి, “చింతపండు చారులో బెల్లం ఎక్కువైనట్టుంది. దీన్ని డబ్బులిచ్చి కొంటారేటి?” అన్నారు. గ్లాసు మాత్రం ఖాళీ చేశారు. కాఫీ అంత కాకపోయినా ఇందులోనూ కెఫీన్ ఉంటుంది. రాత్రిపూట తాగి నిద్ర పట్టలేదని నన్ననకండి.

అసలు గొడవ ఆరో రోజు వచ్చింది. మొదటి రోజు 50 కిలోల పళ్లకి దాదాపు 20 కిలోల పచ్చి తొక్క వచ్చింది. అందులో ఎక్కువ నీరే కాబట్టి ఎండాక నాలుగు కిలోలు తేలింది. మావాడు ఫోన్ తీసి ‘400 కప్పులు’ అని లెక్కేశాడు. ఆ హుషారులో అయిదో రోజు రెండో విడత కూడా పరిచాం. మర్నాడు మబ్బు పట్టింది. ఇంట్లో ఉన్నది రెండే బరకాలు. చినుకు పడగానే అమ్మగారు గింజల బరకం లోపలికి లాగేశారు. తొక్కల వైపు చూడనైనా చూడలేదు.

“గింజ పాడైతే పండక్కి బట్టలుండవురా. నీ తొక్కలకి ఇంకా బేరమే లేదు” అన్నారు కొడుకుతో.

వాడికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆమె మాటే సబబనిపించింది. తొక్కతో పోటీ పడేది వేరే టీ కంపెనీ కాదు, అదే పెరట్లో అదే ఎండ కోసం కాచుకున్న గింజ. ఆ రెండో విడతంతా రెండ్రోజుల్లో బూజు పట్టి ఎరువు గొయ్యిలోకి పోయింది. గెడ్డలోకి పోలేదు, అంతవరకు నయం.

మావాడు రిజైన్ లెటర్ ఇంకా పంపలేదు. శుక్రవారం అరకు సంతకెళ్లాం. తొక్కల కోసం వేరే మంచె కట్టుకోమని, తన బరకాల జోలికి రావద్దని అమ్మగారు ముందే షరతు పెట్టారు. మంచె మీదకి వెదురు తడికలు ఆరు కావాలన్నాడు వీడు. ఈ ఏడాదికి నాలుగు చాలంటూ ఆమె బేరం మొదలుపెట్టారు.