ఎనిమిది రోజుల కొమ్మ

ఈమధ్య హైదరాబాద్‌లో ఏ పెద్ద హోటల్‌కి వెళ్లినా మెనూ కార్డులో ‘ప్రోసెక్కో’ అన్న పేరు కనిపిస్తోంది. బుడగలు చిమ్మే తెల్ల వైన్. తాగేవాళ్లకి అదెలా ఉంటుందో గానీ, ఆ పేరు చూడగానే నాకు ఘాట్ రోడ్డు మీద మూలుగుతూ ఎక్కే బస్సు గుర్తొస్తుంది. ప్రోసెక్కో మేము దిగే స్టాపు.

ఇటలీకి ఈశాన్య మూల ట్రియెస్టే నగరం, దాని నెత్తిన కొండ అంచున ప్రోసెక్కో, దాన్ని ఆనుకుని కొంతోవెల్లో. 1986లో ఒక ఏడాది మేం కొంతోవెల్లోలో ఉన్నాం. నాన్న ఆంధ్ర యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. కొండ కింద, మిరామారే దగ్గర సముద్రం ఒడ్డున అబ్దుస్ సలాం 1964లో స్థాపించిన సిద్ధాంత భౌతికశాస్త్ర కేంద్రం ఉంది. మనలాంటి దేశాలవాళ్లు వచ్చి కొన్నాళ్లు పరిశోధన చేసుకునే చోటు. నాన్నకి ఏడాది పిలుపు వచ్చింది. అమ్మా, అక్కా, నేనూ వెంట వెళ్లాం. అక్కకి పన్నెండు, నాకు తొమ్మిది.

ఊరు చిన్నది. మనుషులిద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తిగిలాల్సిన సందులు, మధ్యలో ఒక కొలను, ఎత్తు గోడల వెనక రాతి ఇళ్లు. ఆ గోడలు ఎందుకో చలికాలంలో తెలిసింది. బోరా అనే గాలి కొండ మీంచి సముద్రం వైపు విరుచుకుపడితే గంటకి వంద కిలోమీటర్లు దాటేది. కింద నగరంలో జనం పట్టుకుని నడవడానికి వీధుల వెంట తాళ్లు కట్టేవారట. విశాఖ తుఫాను తెలిసిన అమ్మకి ఈ గాలి మహా చిరాకు. “తుఫానైతే వానైనా కురుస్తుంది, ఇదేంటి ఉత్తినే?” అనేది.

నాన్న పొద్దున్నే మెట్ల దారిన కిందికి దిగి ఆఫీసుకి వెళ్లేవారు. దారికి అటూ ఇటూ రాళ్లు పేర్చి కట్టిన సన్నటి మడులు, వాటిలో ద్రాక్ష తీగలు. కింద రైలు పట్టాలు, ఆ కింద తెల్లటి మిరామారే కోట. ఆ కోట కట్టించుకున్న మాక్సిమిలియన్, మెక్సికోకి చక్రవర్తినవుతానని ఓడెక్కి, అక్కడ 1867లో తుపాకి గుండ్లకి పోయాడు. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా అమ్మ, “ఉన్నచోట ఉండాలి మనిషి” అనేది. చెబుతున్నది ఉన్న ఊరు వదిలి ఏడు సముద్రాలు దాటొచ్చిన ఇల్లాలు!

మా ఇంటావిడకి ఎనభై ఏళ్లు. కింద ఆవిడ, మేడ మీద మేము. ఊళ్లో అందరూ ఆవిడని ‘నోనా’ అనేవారు, అంటే మామ్మ. అమ్మ ‘మామ్మగారు’ అంది. ఆవిడ మాట్లాడేది స్లొవీన్, అమ్మది తెలుగు. ఒకరి మాట ఒకరికి రాకపోయినా గంటలు గంటలు కబుర్లు సాగేవి. ఊరి బోర్డు కూడా రెండు భాషల్లో ఉండేది: పైన కొంతోవెల్లో, కింద కొంతోవెల్. నాన్నకి ఆ భాష వినడం సరదా. నిప్పుని ఓగెన్ అంటారని తెలిసి, “అగ్నే ఇది” అని మురిసిపోయారు. ద్వా, త్రి సరేసరి.

వసంతకాలంలో ఒక ఆదివారం బస్సు దిగితే నాలుగు దారుల కూడలిలో స్తంభానికి చెక్క బాణం గుర్తు, దాని పైన పచ్చటి ఐవీ కొమ్మ కట్టి ఉంది. అమ్మ టక్కున, “తోరణం కట్టారు, ఎవరింట్లోనో పెళ్లి” అంది. బాణం చూపించిన దారిన వెళ్తే ఇంకో కొమ్మ, మరో మలుపులో మరొకటి. చివరికి ఒక పెద్ద గేటు, దాని మీదా కొమ్మే. లోపల పెరట్లో బల్లలు వేసుకుని ఊరంతా కూర్చుంది. పెళ్లికూతురు మాత్రం లేదు.

దాన్ని ఓస్మిత్సా అంటారు. రైతు తన తోట ద్రాక్షతో చేసిన వైన్‌ని తన పెరట్లోనే కొన్నాళ్లు అమ్ముకుంటాడు. ఓసెమ్ అంటే ఎనిమిది. ఒకప్పుడు ఎనిమిది రోజులే అనుమతి ఉండేదట. 1784లో ఆస్ట్రియాని ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ రైతులు సొంత వైన్ ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని శాసనం చేశాడు. “అయితే ఓస్మిత్సా అంటే అష్టమి” అన్నారు నాన్న. “అష్టమి నాడా మొదలుపెట్టారు వ్యాపారం?” అని అమ్మ ముక్కున వేలేసుకుంది.

అష్టమి అయితేనేం, నడుస్తూనే ఉంది. వైన్‌తో పాటు రొట్టె, చీజ్, ఉడకబెట్టిన గుడ్లు, పంది మాంసం పెట్టేవారు. మాకు రొట్టె, చీజ్. వైన్‌లో తెల్లవి వితోవ్‌స్కా, మాల్వజీయా. ఎర్రది తెరానో, ముదురు రంగు, మహా పులుపు. కొండ వెనక కార్సో పీఠభూమిలోని ఎర్రమట్టి నేలల్లో పండుతుంది. ఆ మట్టిని చూసి మా అందరికీ భీమిలి దిబ్బలు గుర్తొచ్చాయి. ఒంట్లో రక్తం తక్కువైన ఆడవాళ్లని తెరానో తాగమంటారని మామ్మగారు సైగలతో చెప్పి గ్లాసు ముందుకి తోస్తే, అమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేసింది.

వైన్ అయిపోయిన సాయంత్రమే కొమ్మ దించేస్తారు. అది అమ్మకి బాగా నచ్చింది. మన గుమ్మానికి ఉగాదికి కట్టిన తోరణం ఎండి గలగలలాడుతూ దసరా దాకా ఉంటుంది కదా. వీళ్ల కొమ్మ అబద్ధం ఆడదు. పచ్చగా కనిపించిందంటే లోపల సరుకున్నట్టే.

ఆ వసంతంలో ఆ నమ్మకానికి విలువ ఎక్కువ. మార్చిలో ఇటలీ అంతా వైన్ గురించే గగ్గోలు. ఎక్కడో మిథనాల్ కలిపిన వైన్ తాగి ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. సీసా మీది లేబుల్‌ని చూసి జనం భయపడుతున్న రోజులు. కొమ్మ కట్టిన పెరట్లో మాత్రం బల్లలు ఖాళీ ఉండేవి కావు. పోసే చెయ్యి ఎవరిదో, పండిన మడి ఎక్కడిదో అక్కడ అందరికీ తెలుసు.

ఏప్రిల్ నెలాఖరున చెర్నోబిల్ అణు కేంద్రం పేలింది. మే మొదట్లో ప్రభుత్వం ఆకుకూరల అమ్మకం ఆపేసింది. పదేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి తాజా పాలు వద్దంది. పదిహేను రోజులు. అక్క పన్నెండేళ్ల దర్జాతో నా ఎదురుగా గ్లాసెత్తి గటగటా తాగేది. పాలు వద్దంటే పెరుగు మాత్రం ఎలా పెడతానని అమ్మ నాకు పెరుగన్నం మాన్పించింది. వైజాగ్ నుంచి తెచ్చిన ఆవకాయ కలిపిన అన్నంతోనే భోజనం ముగించి, మజ్జిగ లేని నోటితో ఏడ్చేవాణ్ణి.

మామ్మగారి పెరట్లో రాదిక్కియో అనే చేదు ఆకుకూర ఏపుగా ఉంది. అంతకుముందు అమ్మ దాన్ని పప్పులో వేసి వండేది. ఆ రెండు వారాలూ ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, పీకలేదు. ఒకరోజు మడి గట్టు మీద కూర్చుని నాన్నకి తన లెక్క చెప్పింది. ఆవిడకి వచ్చిన ఇటాలియన్‌లో చెప్తే నాన్న మాకు తెలుగులో చెప్పారు. పుట్టినప్పుడు ఆస్ట్రియా. మొదటి యుద్ధం తర్వాత ఇటలీ. అప్పుడు బళ్లో స్లొవీన్ మాన్పించారు, కాగితాల్లో ఆవిడ ఇంటిపేరుని ఇటాలియన్ చేశారు. 1943లో జర్మన్లు. 1945లో యుగోస్లావ్ సైన్యం నలభై రోజులు. తర్వాత ఇంగ్లిష్‌వాళ్లూ అమెరికన్లూ తొమ్మిదేళ్లు. 1954లో మళ్లీ ఇటలీ. ఇన్ని రాజ్యాల్లోనూ ఆవిడ ఈ ఇంటి గడప దాటి కాపురం మార్చలేదు. వేళ్లు మడిచి మడిచి, చివరికి పాల గురించి పదిహేను రోజులని వినగానే, “ఇదీ పోతుంది” అన్నట్టు చెయ్యి విసిరి, వెళ్లి తీగలకి కట్లు కట్టుకుంది.

సెప్టెంబరులో ద్రాక్ష కోతకి మమ్మల్నీ పిలిచింది. ఆ మడులలోకి ట్రాక్టర్ రాదు. గుత్తులు కోసి బుట్టల్లో వేస్తే మగవాళ్లు వీపున మోసుకుని మెట్లెక్కేవారు. చేతులు జిగట, చుట్టూ కందిరీగలు, కింద నీలంగా సముద్రం. సాయంత్రం చెక్క యంత్రంలో పిండిన రసం గ్లాసుల్లో ఇచ్చారు. బెల్లప్పాకం లాంటి తీపి. అమ్మ వద్దనబోతే నాన్న, “పొద్దున దింపిన నీరా అనుకో, ఇంకా కల్లు కాలేదు” అన్నారు. ఆ రోజు రెండు గ్లాసులు తాగాం. రెండు రోజుల తర్వాత అడిగితే అమ్మ తొట్టి మీద చెవి ఆనించి విని, లోపల సన్నగా బుసబుస వినిపించగానే, “కల్లైపోయింది, పదండి” అంది.

డిసెంబరులో మా గడువు తీరింది. మామ్మగారు గేటు దాకా వచ్చి అమ్మ చేతిలో ఒక సీసా పెట్టింది, లేబుల్ లేదు. మేం తాగమని ఆవిడకి తెలుసు, తెలిసే ఇచ్చింది. విశాఖ సీతమ్మధారలో మా షోకేసులో అది చాలా ఏళ్లు బొమ్మల పక్కన నిలబడి ఉంది.

మళ్లీ 2018 అక్టోబరులో పనిమీద వెనిస్ వెళ్లి, ఒక రోజు మిగిల్చుకుని ట్రియెస్టేకి రైలెక్కాను. ఒకప్పటి యుగోస్లావియా సరిహద్దు దాకా వెళ్లి చూశాను. చిన్నప్పుడు పాస్‌పోర్టులు అందించి కార్లో బిగుసుకుని కూర్చున్న చోట ఆ రోజు ఎవరూ ఆగడం లేదు. ప్రోసెక్కో ఊరి పేరు మీద పుట్టిన వైన్‌కి కూడా 2009లో కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రోసెక్కో అన్న పేరుని వైన్ తయారయ్యే ప్రాంతానికి అప్పగించి, ఆ ద్రాక్షకి గ్లేరా అన్న పేరు ఖాయం చేశారు. ఇంటిపేరు మారిపోయిన మామ్మగారు ఉంటే పకపకా నవ్వేది.

కొంతోవెల్లోలో సందులు నేననుకున్నంత పొడవు లేవు. కొలను ఉంది. మామ్మగారి గేటు మూసి ఉంది. కూడలికి వెళ్లి స్తంభం కేసి చూశాను. చెక్క బాణం ఉంది, కొమ్మ లేదు. అక్కణ్ణుంచే వైజాగ్‌కి ఫోన్ చేశాను.

“కొమ్మ లేదమ్మా” అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే వాళ్ల సరుకంతా అమ్ముడుపోయిందన్నమాట. పోనీలే, మంచిదే” అంది.