నేను కొట్టేసిన జవాబు



ఈ నెల మీతో ఒక తప్పు గురించి చెప్పుకోవాలి. తప్పు పిల్లవాడిది కాదు, నాది.

టెన్త్ క్లాసు వీకెండ్ టెస్టులో రెండు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. 230 వోల్టుల మీద వెలుగుతున్న 100 వాట్ల మామూలు బల్బు ఎంత కరెంటు తీసుకుంటుంది, దాని రెసిస్టెన్స్ ఎంత? కష్టమైనదేమీ కాదు. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు, అంటే సుమారు 0.435 ఆంపియర్లు. వోల్టులను ఆ కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, 529 ఓములు.

ఒక అబ్బాయి కరెంటు సరిగ్గానే వేశాడు. రెసిస్టెన్స్ దగ్గర మాత్రం "38 ఓములు, మల్టీమీటర్‌తో చూశాను" అని రాశాడు. ఎర్రపెన్నుతో కొట్టేసి, పక్కన "ఫార్ములా వాడు" అని రాశాను.

సోమవారం ఆ అబ్బాయి స్టాఫ్ రూముకి వచ్చాడు. చేతిలో వాళ్ల నాన్నగారి మల్టీమీటరు, న్యూస్‌పేపర్‌లో చుట్టిన పాత బల్బు. నా ముందే కొలిచాడు. మళ్లీ 38. "మీటరు పాడైందేమోరా" అన్నాను. "లేదు మేడమ్, ఇస్త్రీపెట్టె కూడా చూశాను. 750 వాట్లది. లెక్క వేస్తే 70.5 వచ్చింది, మీటర్లో 71 చూపించింది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బీఈడీలో పాఠం చెప్పడం నేర్పారు గానీ, పదిహేనేళ్ల పిల్లాడి ముందు "నాకు తెలియదు, రేపు చెప్తాను" అనడం ఎవరూ నేర్పలేదు. అదే అన్నాను చివరికి.

ఆ రాత్రి పుస్తకాలు తీస్తే విషయం బయటపడింది. బల్బులోని తీగ టంగ్‌స్టన్. వెలుగుతున్నప్పుడు దాని వేడి దాదాపు 2,500 డిగ్రీలు. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఇక్కడ దాదాపు 14 రెట్లు పెరిగింది. మల్టీమీటరు కొలిచింది చల్లగా ఉన్న తీగను. నా లెక్క చెప్పింది వెలుగుతున్న తీగ సంగతి. ఇస్త్రీపెట్టెలో ఉండేది నిక్రోమ్, అది వేడెక్కినా రెసిస్టెన్స్ పెద్దగా మారదు. అందుకే అక్కడ రెండు లెక్కలూ కలిశాయి. నేను "వెలుగుతున్న" అని అడిగాను కాబట్టి పరీక్షకు 529 సరైన జవాబే. కానీ 38 కూడా అబద్ధం కాదు. పైగా మీటరు మీద నాకు అనుమానం వస్తే ఇస్త్రీపెట్టె చూపించాడు చూడండి, అసలు సైన్సు అక్కడే ఉంది. ఈ సూత్రం పేరు మోస్తున్న ఓం కూడా జర్మనీలోని కొలోన్ ఊళ్లో బడిపంతులే. ఏళ్ల తరబడి తీగలు కొలిచి, 1827లో దాన్ని పుస్తకంగా వేశాడు.

మర్నాడు క్లాసులో ఇంకో లెక్క వేశాం. స్విచ్ వేసిన క్షణంలో తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కదా, అప్పుడు కరెంటెంత? 230ని 38తో భాగిస్తే 6 ఆంపియర్లు! "అందుకేనా మేడమ్, మా అమ్మమ్మ వాళ్లింట్లో బల్బు ఎప్పుడూ స్విచ్ వేయగానే టప్‌మని పోతుంది?" అంది వెనక బెంచీ అమ్మాయి. అవును, అదే పెద్ద కారణం.

ఆ ఊపులో ఇంట్లో వస్తువుల మీద రాసి ఉన్న వాట్లు రాసుకుని రమ్మన్నాను. ఒక పాప 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్ లెక్క తెచ్చింది. కరెంటు 6.5 ఆంపియర్లు. వాళ్లింట్లో దాన్ని పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద 6 ఆంపియర్లని ఉంది. "ప్లగ్గు చుట్టూ గోధుమరంగు అయింది మేడమ్" అని మెల్లగా చెప్పింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ వైర్లో, వదులైన పిన్నుల్లో కలిపి అర ఓము రెసిస్టెన్స్ ఉందనుకోండి. కరెంటును కరెంటుతో హెచ్చవేసి, రెసిస్టెన్స్‌తో మళ్లీ హెచ్చవేస్తే 21 వాట్ల వేడి. రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే.

ఈ హెచ్చవేత వల్లే మన ఇబ్రహీంపట్నం థర్మల్‌లో 210 మెగావాట్ల జనరేటర్లు 15,750 వోల్టుల దగ్గర తయారుచేసిన కరెంటును 2,20,000 వోల్టులకు పెంచి లైన్ల మీదికి పంపుతారు. వోల్టేజీ 14 రెట్లు పెరిగితే కరెంటు 14 రెట్లు తగ్గుతుంది, అదే తీగలో వేడి మాత్రం 195 రెట్లు తగ్గుతుంది. రింగు సెంటర్ దాటుతుంటే కనిపించే ఆ పెద్ద టవర్ల సంగతి మీ పిల్లల్ని అడగండి, ఇప్పుడు చెప్తారు.

ఒక్క మనవి. మీ పిల్లలు ఇంట్లో ఏదైనా కొలుస్తామంటే కొలవనివ్వండి, కానీ ప్లగ్గు తీసేసిన వస్తువునే. ఓములు కొలిచే మీటరు పిన్నులు సాకెట్లో పెట్టకూడదు. పక్కన మీరుండండి. హీటర్లకూ గీజర్లకూ గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే వాడండి. ఆ పాప వాళ్ల అమ్మగారు బోర్డు తీసేశామని ఫోన్ చేసి చెప్పారు.

అబ్బాయి మార్కులు అప్పటికే కంప్యూటర్లో ఎక్కిపోయాయి, అడిగి మార్పించాను. బల్బు మాత్రం నా టేబుల్ మీదే ఉంది. పట్టుకెళ్లరా అంటే, "వచ్చే ఏడాది వాళ్లకు ఉంచండి మేడమ్" అన్నాడు.