సంతకానికి ముందు

పదవీ విరమణ తేదీ ప్రతి ఉద్యోగికీ ముందే తెలిసినదే. కాని ఆ తేదీ రాకమునుపే, పోదలచినవారు పోవచ్చునని కబురు వచ్చిననాడు ఇల్లంతా లెక్కలలో పడుతుంది. స్వచ్ఛంద విరమణ అన్న మాటలో ఇచ్ఛ ఎంత, భయం ఎంత అన్నదే ఆ లెక్కలలో మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రలో అనేక గృహాల తలుపు తట్టినది. విశాఖ ఉక్కు కర్మాగారంలో తన వాటానంతటినీ విక్రయించుటకు కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా అంగీకరించినది. 2025 జనవరిలో ఆ కర్మాగారానికే రూ. 11,440 కోట్ల సహాయం ప్రకటించినది. ఆ ఏడాదే స్వచ్ఛంద విరమణ పథకమూ వచ్చినది. ఉద్యోగి దేనిని నమ్మవలె?

మా మేనమామగారు అక్కడి ఉద్యోగి. యాభై దాటినవారు. పథకం గడువు ముగియకముందు ఆయనతో కలిసి అరకు వెళ్ళినాము. వచ్చే మొత్తంతో లోయలో రెండెకరాలు కొని, కాఫీ వేసి, యాత్రికులకు నాలుగు గదులు కట్టవలెనని ఆయన ఊహ. “ఈ గాలి చాలు బేటా, మందులు అక్కరలేదు” అన్నారు.

కాని అరకు షెడ్యూల్డు ప్రాంతం. జనం 1/70 అని పిలిచే 1970 నాటి చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరుడు భూమి కొనరాదు. ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. గిరిజనుని పేర వ్రాయించి అనుభవించవచ్చునని చెప్పే మధ్యవర్తులు లేకపోలేదు. “అది చట్టం ముందు నిలువదు, ఆ గిరిజనుని ముందు మన ముఖమూ నిలువదు మామూజాన్” అన్నాము.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అంతలో బైలడిల్లా ఇనుప ఖనిజంతో గూడ్సు బండి విశాఖ వైపు దిగిపోయినది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పుట్టినదే ఆ ఖనిజం కొరకు. సొంత గని లేని విశాఖ ఉక్కు కొని తెచ్చుకొనే ఖనిజమూ ఈ దారినే పోతుంది. “ఈ రాయినే కదా ఇన్నేళ్ళూ కరిగించినాం” అన్నారు మామూజాన్.

అప్పుడు కాగితం తీసి లెక్క వేసినాము. ఉద్యోగుల పింఛను పథకంలో పూర్తి పింఛను 58వ ఏట వస్తుంది. యాభై దాటి ముందుగా కోరినచో ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. చిన్న కుమార్తె చదువు ఇంకా నాలుగేళ్ళు, ఇంటి అప్పు ఆరేళ్ళు. ఒక్కసారిగా చూస్తే పెద్దదిగా తోచిన మొత్తం నెలలతో భాగించగానే చిన్నదైనది.

మన రాష్ట్రంలో దీనికొక పూర్వకథ కలదు. 1983 ఫిబ్రవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినది. వేలాదిమంది ఒక్కసారిగా ఇల్లు చేరినారు. 1984 ఆగస్టులో వయస్సు మరల 58 అయినది. అప్పటికి 58 నిండనివారిని తిరిగి విధుల్లోకి తీసికొనవలెనని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వారిని ప్రభుత్వం పంపినది గనుక వారు న్యాయం అడుగగలిగినారు. తానే సంతకం చేసి వెళ్ళినవాడు ఎవరిని అడుగగలడు?

మామూజాన్ సంతకం చేయలేదు. ఆయన మిత్రుడొకరు చేసినారు. ఆయనకు గుండె జబ్బు, అప్పులు లేవు, పిల్లలు స్థిరపడినారు. ఇద్దరి నిర్ణయమూ సబబే, ఎందుకనగా ఇద్దరూ లెక్క చూచుకొనియే నిర్ణయించినారు. రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్ అని మనం నమ్ముతాము. అయితే ముందు ఒంటెను కట్టి, పిదప దైవంపై భారం వేయవలెననీ మనకు బోధ కలదు.

విద్యార్థులారా, ఇట్టి కాగితం మీ ఇంటికీ రావచ్చును. తండ్రులు తమ దిగులు పిల్లలకు చెప్పుకొనరు. మీరే వారి ప్రక్కన కూర్చొని, చదువుకు ఎంత, అప్పుకు ఎంత, వైద్యానికి ఎంత అని వ్రాయండి. మీ చదువు ఇంటికి ఉపయోగపడవలసిన సమయాలలో అదొకటి.