వైరస్ వెళ్లాక మిగిలే దగ్గు

మిర్చి యార్డుకు కొత్త సరుకు దిగే రోజుల్లో గుంటూరులో నా ఓపీ నిండా పొడి దగ్గే. జ్వరం తగ్గి నెల దాటి ఉంటుంది. ఎక్స్‌రే బాగుంటుంది, కళ్లె పడదు. “నోరు తెరిస్తే చాలు డాక్టరుగారూ, గొంతులో గరగరలాడి దగ్గు తన్నుకొస్తోంది” అంటారు. పోపు ఘాటు, అగరొత్తుల పొగ, ఏసీ చల్లగాలి, ఏది తగిలినా అంతే. అప్పటికే రెండు మూడు యాంటీబయాటిక్ కోర్సులు అయిపోయి ఉంటాయి. వాటితో ఈ దగ్గుకు పనే లేదు.

దగ్గు రెండు వారాలు దాటితే మన దేశంలో ముందు క్షయ లేదని తేల్చుకోవాలి. ఆ విషయంలో నేను రాజీపడను. ఉబ్బసం ఉందేమో చూస్తాను, బీపీకి ఎనలాప్రిల్ లాంటి మాత్ర వేసుకుంటున్నారేమో అడుగుతాను. అవేవీ కాకపోతే నాడుల సంగతి చెబుతాను.

శ్వాసనాళాల లోపలి పొరలో వేగస్ నాడి కొసలు ఉంటాయి. వైరస్ ఆ పొరను గాయపరిస్తే దెబ్బతిన్న కణాల నుంచి ఏటీపీ అనే రసాయనం బయటికొచ్చి, నాడి కొసల మీది పీ2ఎక్స్3 గ్రాహకాలను రెచ్చగొడుతుంది. వాపు వల్ల పుట్టే రసాయనాలు టీఆర్‌పీవీ1 అనే మరో గ్రాహకాన్ని సున్నితం చేస్తాయి. మిరపలోని కాప్సైసిన్ పట్టుకునేది దీన్నే. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. మిరప ఘాటుకు ఎవరైనా దగ్గుతారు. జలుబు చేసినవాళ్లు మాత్రం అంతకంటే తక్కువ మోతాదుకే దగ్గుతారని కాప్సైసిన్ తుంపర పీల్పించి చేసిన పరీక్షల్లో తేలింది. వైరస్ పోయినా నాడి ఆ ఉలికిపాటును వెంటనే వదులుకోదు.

చాలామందికి ఎనిమిది వారాల్లోపు అదే సర్దుకుంటుంది. దాటితే మళ్లీ మొదటి నుంచి వెతుకుతాను. పీ2ఎక్స్3ని అడ్డుకునే మందు గెఫాపిక్సాంట్‌ను 2022లో జపాన్ అనుమతించింది, కానీ అది మొండిగా పాతబడిన దగ్గుకు. పైగా నాలుక రుచి కూడా అవే గ్రాహకాల మీద నడుస్తుంది కనుక, వాడినవాళ్లలో చాలామందికి రుచి మారిపోతుంది. నేను నేర్పేది చిన్న పనే: గరగర మొదలవగానే దగ్గకుండా గుటక వేయడం, గుక్కెడు నీళ్లు తాగడం, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చడం.

మిరప తొడిమలు తీసే ఆడవాళ్లకు ఇదొక్కటే చాలదు. వాళ్ల నాడికి రోజంతా తగిలేది కాప్సైసినే. నెల రోజులు పని మానమంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే మాస్కు తీయవద్దనీ, కాయలు దులిపే చోటికి దూరంగా, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చోమనీ చెబుతాను. వెంట మేస్త్రీ వస్తే ఆయనకూ విడిగా చెబుతాను, ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించేది ఆయనే కాబట్టి.